చల్లారని కుర్చీ

అక్టోబరు రాగానే మా రేజెక్నె ఊళ్లో అందరూ చేసే పనే స్కైద్రీతె కూడా చేసింది. చలిగాలి రాకుండా పాత బట్టల పీలికలు సబ్బునీళ్లలో తడిపి కిటికీ సందులకు అంటించింది. ఆ తర్వాత ఎవరూ చేయని పని చేసింది. గది వెచ్చబరిచే వేడినీళ్ల గొట్టం మర తిప్పి కట్టేసింది. మూడేళ్లుగా ఇంతే.

ఆమెకు మొగుడి కుర్చీ ఉంది. ఇమాంత్స్ అందులోంచి లేచి ఆస్పత్రికి వెళ్లి మళ్లీ రాలేదు. కుర్చీ మాత్రం చల్లారలేదు. ఆయన ఇప్పుడే లేచినట్టు వెచ్చగా ఉండేది. తడిసిన చేతితొడుగులు ఆ భవనంలో ఉండే మేమంతా దానిమీదే ఆరేసుకునేవాళ్లం, రొట్టెపిండి పొంగడానికి పెట్టుకునేవాళ్లం. మిగతా వేళల్లో ఆమె అందులో కూచుని, మంచు కేసి మంచులాగే చూస్తుండేది.

మా భవనం పెద్ద ఓయార్స్ కాగితం పట్టుకొచ్చాడు.

"గోడలకు బయట ఉన్ని పలకలు కప్పిస్తే సగం వేడి మిగులుతుంది పిన్నీ. నీ ఒక్క సంతకమే తక్కువైంది."

"నాకు చలి లేదు నాయనా."

"నీకు లేదులే! కింది వాటాలో జింత్ర ఇంటి వేడంతా నీ చల్లటి గది పైకి లాగేస్తోంది. దాని కప్పుకి బూజు పట్టింది. చంటిదానికి ఒకటే దగ్గు."

"అయ్యో," అంది. అనాలి కాబట్టి అంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం జింత్ర పిల్లనెత్తుకుని వచ్చింది.

"వెచ్చగా ఉంచమంది డాక్టరమ్మ. కాసేపు కుర్చీలో పడుకోబెట్టనా పెద్దమ్మా?"

"పడుకోబెట్టు. ఇవాళ ఎవరి పిండీ లేదు."

పిల్ల దగ్గు మాని నిద్రపోయింది. ఎత్తుకుంటే దగ్గు, దించితే నిద్ర. నాలుగుసార్లయింది.

"ఇక్కడే వదిలేసి పోనా దీన్ని?" అని నవ్వబోయి జింత్ర ఏడ్చేసింది.

స్కైద్రీతె చాలాసేపు కుర్చీ చేతిమీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"కుర్చీతో సహా తీసుకుపో."

పిలిస్తే వచ్చిన ఓయార్స్, జింత్ర చెరోవైపు పట్టుకుని, పిల్ల కదలకుండా మెట్లు దించారు.

గదిలో నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. ఆమె వాటి మధ్య నిలబడింది. ముందు పాదాలు జివ్వుమన్నాయి. తర్వాత మోకాళ్లు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"ఇమాంత్స్," అంది పైకే. మాట ఆవిరై కాసేపు నిలిచి కరిగిపోయింది. అప్పుడు ఏడ్చింది.

శాలువా చుట్టుకుని వెళ్లి ఓయార్స్ తలుపు దబదబా బాదింది.

"ఆ కాగితం తేవోయ్! చలికి చచ్చిపోతున్నా ఇక్కడ!"