ముత్యానికి గుర్తున్న పేర్లు

పోయిన జూన్ ఎనిమిదిన, మృగశిర కార్తె మొదలై అందరూ చేపలు తినే మిరుగం నాడు, విజయేందర్ సార్ ఇంట్లో కొర్రమట్ట చేపల పులుసు వండారు. ఆ తేదీని ఆయన మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాడు.

ఆ సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద నడుస్తుంటే ఒక నడివయసు మనిషి బండి ఆపి కాళ్లకు మొక్కాడు.

"గుర్తువట్టిండ్రా సార్?"

ముప్పై ఆరేళ్లు సోషల్ చెప్పిన సార్‌కు, ఏ పిల్లవాడినీ మరిచిపోడని కరీంనగర్‌లో పేరు. పట్టీ తెరవకుండా హాజరు పిలిచేవాడు. ఇంటిపేరుతో, నంబరుతో సహా. అలాంటిది ఆ పూట పేరు నాలుక దాకా వచ్చి జారిపోయింది. పక్కనే వల ఆరేసుకుంటున్న ముత్యం తలెత్తకుండానే అన్నాడు: "మన సాగర్ కదా సార్. ఎనభై తొమ్మిది బ్యాచి. నంబరు ఇరవై ఏడు."

ముత్యం అదే బడిలో గంట కొట్టిన అటెండరు. తెల్లవారుజామున చేపలు పట్టి, పదింటికి బడికి వచ్చేవాడు. రిటైరయ్యాక పొద్దంతా నీళ్ల మీదే. సార్ కంటే రెండేళ్లు పెద్ద. చదివింది నాలుగో తరగతి. సాగర్ ముత్యం చేతులు పట్టుకుని పొంగిపోతుంటే, సార్‌కు గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టయింది.

మర్నాడే డాక్టరు దగ్గరకు వెళ్లాడు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, మతిమరుపు ఇంకా మొదటి దశలోనే ఉంది, భయపడకండి అన్నాడు. వారానికి రెండు మూడుసార్లు చేపలు తినండి, చిన్న చేపలైతే మరీ మంచిది, రోజూ నీళ్ల పక్కన నడవండి, నలుగురితో మాట్లాడండి అని చెప్పాడు. సార్ అందులో చేపలు మాత్రమే పట్టుకున్నాడు. అదీ కొర్రమట్టే. ఖరీదైన చేపలో గుణం కూడా ఎక్కువే ఉంటుందని ఆయన లెక్క. కట్ట మీదికి పోవడం మానేసి ఇంటి డాబా మీద ఒక్కడే తిరగసాగాడు. కట్ట మీద ముత్యం ఉంటాడు కదా.

వారం తర్వాత సాగర్ ఫోను చేశాడు. నెలాఖరు ఆదివారం బ్యాచి వాళ్లంతా కలుస్తున్నారట.

"నలభై మందిమి వస్తున్నం సార్. మీరు మల్ల హాజరు పిలవాలె, పట్టీ సూడకుండ! ముత్యం కాకను గూడ పిలుద్దామనుకుంటున్నం."

"ముత్యం ఊళ్లె లేడు. నిర్మల్ల బిడ్డ దగ్గరికి పోయిండు," అన్నాడు సార్. అంత తేలిగ్గా నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

ఫోను పెట్టగానే భార్య జమున వంటింట్లోంచి తొంగిచూసింది. "మరి పొద్దుగాల నాకు పరకలు ఇచ్చిపోయింది ఎవలు? ముత్యం దయ్యమా?"

"గా ముండ్ల చిన్న చేపలు నేను తినను."

"తినకుండ్రి. కొర్రమట్ట తినే మీకే యాది లేదాయె, టీపొడి తెమ్మంటే ఉప్పు తెచ్చిండ్రు," అంది జమున నవ్వుతూ. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

సార్ బ్యాచి ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులు కష్టపడితే పదకొండు పేర్లు వచ్చాయి. మిగతావి మొహాలే. నలభై మంది ముందు నిలబడి పన్నెండో పేరు దగ్గర ఆగిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. శుక్రవారం సాయంత్రం ఫోటో సంచిలో పెట్టుకుని ముత్యం ఇంటికి నడిచాడు.

ముత్యం భార్య సత్తవ్వ వాకిట్లో చేపలు తోముతోంది. "సారూ, రాండ్రి, రాండ్రి," అని పీట వేసింది.

ముత్యం ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు. "గీ పోరి కోమల. సైన్సు సార్ కుర్చీల పల్లేరుగాయలు పెట్టింది. గీడు మొగిలి, బొగ్గుబాయిల చేసి మొన్ననే వాలంటరీ రిటైరయిండు..." ఒక్కడిని కూడా వదల్లేదు.

"ఎట్ల యాదికుంటయి ముత్యం నీకు?" సార్ గొంతులో పొగడ్త కంటే కోపమే ఎక్కువ.

"నేనేడ యాదికుంచుకుంట సార్? పొద్దుగాల తెప్పల మీద కూసుంటే మావోళ్లకు ముచ్చట్లు గావాలె. గీ పోరగాండ్ల ముచ్చట్లే చెప్త. చెప్పిందే చెప్తే తిడతరు, ఇంకోటి తవ్వాలె."

సత్తవ్వ చేయి కడుక్కుంటూ అంది: "నిన్న సాగర్ వచ్చిండు సారూ. ఈయన చెప్పులు వాకిట్ల చూసి బండి దిగిండంట. నిర్మల్ పోయినవట కదా కాకా, అని అడిగిండు."

సార్ చూపు నేల మీదికి దిగింది.

"అవును బిడ్డా, రాత్రే వచ్చిన, అన్న," అన్నాడు ముత్యం, ఫోటో మీద నుంచి కళ్లు తీయకుండా. "ఆదివారం పనుందని గూడ చెప్పిన. మీరు ఫికర్ జేయకుండ్రి."

ఎందుకు అబద్ధమాడావని అడిగి ఉంటే సార్ ఏదో ఒక జవాబు చెప్పేవాడు. ముత్యం అడగలేదు. సార్ ఇంట్లో కూడా అనని మాట అన్నాడు: "నాకు పేర్లు పోతున్నయి ముత్యం. నువ్వు పక్కన నిలబడి చెప్తుంటే సూడలేకపోయిన."

ముత్యం తలెత్తి భార్య వైపు చూశాడు. సత్తవ్వ లోపలికి వెళ్లి ఇంత అన్నం, పరకల పులుసు పెట్టి తెచ్చింది. "ముల్లు తీయకుండ్రి సారూ. మెత్తగైంది. మొత్తం నమలుండ్రి."

తింటూనే సార్ సాగర్‌కు ఫోను చేశాడు. "హాజరు నేనొక్కన్నే పిలవను. ముత్యం గూడ కూసుంటడు. నాకు రాని పేరు ఆయన చెప్తడు. నిర్మల్ ముచ్చట నేనే ఒట్టిగ చెప్పిన." అవతల సాగర్ ఒక్క క్షణం ఆగి, "ముత్యం కాక వస్తుండా!" అని అరిచాడు. ఆ అరుపులోని సంతోషం సార్‌కు మళ్లీ కొంచెం గుచ్చుకుంది. తన పేరుకు ఎవరూ అంత గట్టిగా అరవలేదు. అయినా ముద్ద దిగింది.

"పొద్దుగాల ఎన్నింటికి పోతరు నీళ్ల మీదికి?" అని అడిగాడు లేస్తూ.

"ఐదున్నరకు సార్. తెప్ప మీద జాగ ఉంటది. కానీ ముచ్చట మీరే చెప్పాలె."

ఇంటికి చేరేసరికి జమున గడప దగ్గరే కూర్చుని ఉంది. ఆయన చేతుల్లో చేపల వాసన తగిలినా ఎక్కడికి పోయారని అడగలేదు. పొద్దున ఐదింటికి లేపమని ఆయన అంటే సరేనంది. ఆయన లోపలికి వెళ్లాక, చీకట్లో ఒక్కడే బయటికి పోయి దారి మరిచిపోతాడేమోనని, చప్పుడు కాకుండా వీధి తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది.