అంబత్తూరు బాలవాడి

మద్రాసు పేరు చెన్నై అయిన ఏడాది, హోమ్ సైన్స్ చదువుతున్న నివేదితను ఫీల్డ్ వర్క్ కోసం కాలేజీవాళ్ళు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ పక్కనున్న బాలవాడికి పంపారు. కార్మికుల పిల్లలు పగలంతా ఉండే చోటది. చూలైలో టోకు మసాలా దినుసుల అంగడివాళ్ళ అమ్మాయైన ఆమెకు పసిపిల్లల ముక్కు తుడవడం కూడా అక్కడే అలవాటైంది.

ఆ పిల్లల్లో మూడేళ్ళ సెల్వికి మాటలు రాలేదు. పిలిస్తే తిరగదు. పొగరుబోతని ఆయా అమ్మాసి తిట్టేది. ఒకరోజు వెనకాల ఇత్తడి పళ్ళెం జారిపడి మోగితే పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. సెల్వి మాత్రం తన మానాన బొమ్మను నిద్రపుచ్చుతూనే ఉంది. పాపకు వినపడదేమోనని నివేదితకు అప్పుడు తట్టింది.

సెల్వి తల్లి అంజలైది బోల్టులు చేసే కంపెనీలో పని. వాళ్ళింట్లోనూ తెలుగే. నివేదిత ఆమెకు నచ్చజెప్పి, లీవు పెట్టించి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పాపకు రెండు చెవులూ వినపడవని డాక్టరు తేల్చాడు. తిరుగు బస్సులో అంజలై ఏడవలేదు. పాప చెవులు తడుముతూ కూర్చుంది.

ఇంకాస్త జాగ్రత్తగా చూసుకుంటారని, బాలవాడి నడిపే ఆనందన్‌కు ఈ సంగతి నివేదితే చెప్పింది. రేపేదైనా జరిగితే ఎవరు జవాబుదారీ అన్నాడాయన. చెవిటిపిల్లల బడిలో చేర్పించమన్నాడు. ఆ బడి ఊరికి అటు చివర, ఐదేళ్ళు నిండందే చేర్చుకోరు. నివేదిత బతిమాలింది. కాలేజీ మేడమ్‌ను తెచ్చి చెప్పించింది. ఆయన వినలేదు. సెల్వి రావడం మానేసింది.

వారం పోయాక నివేదిత వెతుక్కుంటూ వాళ్ళ ఇంటికి వెళ్ళింది. తలుపుకు బయట తాళం. కిటికీ సందులోంచి చూస్తే, పాప గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో అన్నం, దానిమీద ఈగలు. నివేదిత తలుపు తట్టింది. తెలిసి తెలిసీ పేరుపెట్టి పిలిచింది, గొంతు బొంగురుపోయేదాకా. పాప కదల్లేదు.

షిఫ్టు దిగి వచ్చిన అంజలై ఆమెను చూసి కోప్పడలేదు.

“నువ్వు మంచికే చేసినావమ్మా,” అంది తాళం తీస్తూ. “అయినా చెప్పకుండా ఉండుంటే, నా బిడ్డ ఆడ నలుగురు పిల్లకాయల్తో ఉండేది గదా.”

“నేనొచ్చి చూసుకుంటా, అక్కా.”

“ఎన్నాళ్ళొస్తావు?”

ఫీల్డ్ వర్క్ ఆ శుక్రవారంతో సరి. అంజలై గిన్నె తీసుకుని కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.