వెనక అద్దం

కుడిచేతిని మోచేతి దాకా ఉప్పునీళ్ళలో ముంచి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో ఆమె ముందు అద్దాన్ని పైనుంచి కిందికి గీకుతోంది. గీకిన చోటల్లా పచ్చటి నాచు పొర ఊడి తునకలుగా తేలుతోంది. పసుపు చేప ఆమె చేతి వెనకే తిరుగుతూ ఆ తునకల్ని నోటితో అందుకుంటోంది. ఇసుకలో ఒక నత్త వెల్లకిలా పడి ఉంది. దానంతట అది తిరగలేదు. ఆమె రెండు వేళ్ళతో దాన్ని తిప్పి రాతి మీద కూర్చోబెట్టింది.

"రాత్రంతా ఇట్లాగే పడున్నావా పిచ్చిదానా?"

అది డయాలసిస్ గది. ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు, గోడకు ఆనించి ఆరడుగుల గాజుతొట్టె. సూదులు గుచ్చుకుని నాలుగేసి గంటలు కదలకుండా ఉండాల్సిన వాళ్ళకు కళ్ళు తిప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఎవరో పెట్టించారు. అందులో పగడాలు, ఆరు చేపలు, ముళ్ళబంతిలాంటి నల్లటి జీవి ఒకటి, పదిహేను నత్తలు. పదకొండేళ్ళ కిందట ఆమె నేల తుడిచే పనికి చేరింది. తొట్టె చూసే మనిషి చెప్పాపెట్టకుండా మానేస్తే, "నాలుగు రోజులు చూడమ్మా" అన్నారు. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు. నర్సులు ఆమెను నాచమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది.

మొదటి ఏడాది ఆమె తొట్టెను అంట్లు తోమినట్టు తోమింది. నాచు అంటే మురికే కదా అనుకుంది. అదీ చాలదని నలభై నత్తల్ని తెప్పించి వేయించింది. రెండు వారాల్లో తొట్టె తళతళలాడింది. అందరూ మెచ్చుకున్నారు. మూడో వారం నుంచి తినడానికేమీ లేక నత్తలు ఒక్కొక్కటే అద్దం మీంచి జారి ఇసుకలో పడ్డాయి. నీళ్ళు కంపు కొట్టాయి. ఖాళీ గుల్లల్ని దోసిళ్ళతో ఎత్తిపోసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. జాలిపడి మేత ఎక్కువ వేస్తే, ఈసారి జుట్టులాంటి నాచు పెరిగి ఒక పగడాన్ని ఊపిరాడకుండా కప్పేసింది. తగ్గించడం, పెంచడం, మళ్ళీ తగ్గించడం. ఎంత గీకాలో తెలియడానికి ఆరు నెలలు పట్టింది, ఎంత వదిలేయాలో తెలియడానికి మూడేళ్ళు. అప్పటి నుంచి వెనక అద్దం ముట్టుకోలేదు.

"ఇంట్లో గిన్నెలు నానుతుంటాయి, అక్కడ చేపలకు స్నానాలు చేయిస్తావు" అని అత్తగారు దెప్పుతుంది. కొడుకు పోయి పద్నాలుగేళ్ళయినా కోడలు తనను వదిలి వెళ్ళనందుకు ఆవిడ ఒక్క మంచిమాట అన్నది లేదు. కానీ కోడలు ఇంటికి చేరేదాకా ముద్ద ముట్టదు.

తొమ్మిదింటికి కొత్త మేనేజరు నీలం సీసాతో వచ్చాడు.

"రేపు యజమానులు వస్తున్నారు. ఆ వెనకాల పచ్చదనమేంటి, అసహ్యంగా? ఇది రెండు మూతలు పొయ్యి. తెల్లారేసరికి నాచు మాయం."

"నత్తలూ మాయమవుతాయి సార్."

"కొత్తవి కొందాం."

పదకొండేళ్ళలో ఆమె ఏ అధికారికీ కాదని చెప్పి ఎరగదు. తడిచేతిని చీర చెంగుకు తుడుచుకుంది. ఉప్పుకు పగిలిన వేళ్ళు చురుక్కుమన్నాయి.

"పొయ్యను సార్. ముందద్దం, పక్కద్దాలు మెరిపిస్తా. వెనకది వాటి కంచం."

మూడో మంచం మీంచి నవ్వు వినబడింది. అక్కడ ముసలి టైలరు ఉన్నాడు. వేళ్ళు వాచి కత్తెర పట్టలేక దుకాణం మూసేశాడు. మూడేళ్ళుగా రోజు విడిచి రోజు వచ్చి, ఆ నాలుగు గంటలూ నత్తల్ని లెక్కపెడుతూ గడుపుతాడు.

"మేనేజరు గారూ, నత్తలు చస్తే నేను లెక్కపెట్టుకోవడానికి మీ తలమీద వెంట్రుకలే మిగులుతాయి. అవీ ఎక్కువ లేవు."

నర్సులు నవ్వాపుకుంటూ మొహాలు తిప్పుకున్నారు. మేనేజరు తల నిమురుకుని, సీసాను తొట్టె పక్కన పెట్టి, "సాయంత్రం వచ్చి చూస్తా" అని వెళ్ళిపోయాడు.

ఆమె పాత టూత్‌బ్రష్షుతో రాళ్ళ సందుల్లో నాచు తీస్తూ కూర్చుంది. ముళ్ళబంతిని మెల్లగా లేవనెత్తి, నాచు దట్టంగా ఉన్న రాతి మీదికి మార్చింది. పదకొండు గంటలప్పుడు టైలరు పిలిచాడు.

"అమ్మాయ్, పద్నాలుగే కనబడుతున్నాయి. ఒకటేదీ?"

"చూస్తానుండు బాబాయ్. ముందు నీళ్ళు తెచ్చిపోస్తా."

తొట్టెలో ఇగిరిపోయిన మేరకు మంచినీళ్ళు పోయాలి. కుళాయి నీళ్ళయితే నాచు విరగబడుతుంది. అందుకే యంత్రాలకు పోయే శుద్ధి నీళ్ళే పక్క గదిలోంచి పట్టి తెస్తుంది. ఆ గదిలో మోటారు హోరు. ఏమీ వినబడదు. బకెట్టుతో తిరిగొచ్చి, నీళ్ళు పోసి, పక్క అద్దానికి చెంప ఆనించి రాళ్ళ వెనక్కి చూసింది. వెనక అద్దం అడుగున, పచ్చదనంలో సన్నటి దారి చేసుకుంటూ పదిహేనో నత్త తింటోంది.

"దొరికింది బాబాయ్!"

వెనక్కి తిరిగితే మూడో మంచం ఉండాల్సిన చోట ఖాళీ నేల. యంత్రం ఒక్కటే ఉంది.

"బీపీ పడిపోయింది, పైకి తీసుకెళ్ళారు" అంది నర్సు.

నాలుగింటికి ఆ నర్సే కిందికి వచ్చింది. "పోయాడక్కా" అంది మెల్లగా. ఆమె చేతిలో ఉన్న మేత నీళ్ళలో వేయలేదు. డబ్బా మూత తీసి మళ్ళీ అందులోనే పోసింది. తర్వాత రాళ్ళ ముందు వంగి ఒకటి నుంచి లెక్కపెట్టింది. పదిహేనూ ఉన్నాయి.

ఐదింటికి మేనేజరు వచ్చాడు. మూడో మంచం చోటు చూశాడు. తొట్టె ముందుకు వచ్చి వంగి చూశాడు. ముందద్దం నుంచి రాళ్ళ దాకా అన్నీ తేటగా ఉన్నాయి, వెనక పచ్చదనం తప్ప.

"రేపు వాళ్ళడిగితే నేను చెప్తాలే" అని, సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

పోయేముందు నేల తుడవాలి. ఆమె కర్రగుడ్డ తడిపి కిటికీ వైపు నుంచి మొదలుపెట్టింది. మూడో యంత్రం కిందికి తోస్తే ఏదో తగిలింది. వంగి చూసింది. మంచం చక్రాలు నెట్టేసినట్టున్నాయి, గోడ మూలకు ఒక జత చెప్పులు. చేతిలోకి తీసుకుంది. ఎడమ చెప్పు పట్టీ ఎప్పుడో తెగితే ఆయనే కుట్టుకున్నాడు. నీలం దారం, చొక్కా కాలరుకు వేసినంత దగ్గర దగ్గర కుట్లు, ముడి ఎక్కడ పడిందో కనబడకుండా.