మణికట్టు దాకా

ఉదయాన కుట్టుమిషనుకు నూనె వేసి, ఒకమారు ఊరికే తొక్కి చూసి, ఆ చప్పుడు చెవికి ఇంపుగా తోచిన పిమ్మటనే ఆ ఇల్లాలు కత్తెర చేతికి తీసుకునేది. వీధివైపు గదే ఆమె దుకాణం. పేటలోని పిల్లల చొక్కాలలో సగం ఆ గదిలో పుట్టినవే, పుట్టి పిల్లలతోపాటు పెరిగినవే. బిడ్డ బెత్తెడు పొడవైతే చొక్కా బెత్తెడు సాగేది. భుజాలు విప్పారితే అతుకులు తామే చోటిచ్చేవి. చిరిగితే తప్ప ఆమె వద్దకు రెండో చొక్కాకు వచ్చినవారు లేరు.

"ఇలా కుడితే గిరాకీ ఎలా నిలుస్తుందే? ఒక్కటంటే ఒక్కటి పొట్టిగా కుట్టరాదూ?" అని గుమ్మంలో కూర్చుని బొత్తాలు కుట్టే అత్తగారు దెప్పేది.

"చేతకాదత్తయ్యా" అనేది కోడలు.

ఈ సంభాషణ వారిరువురికీ నిత్యపారాయణం.

ఆమె కొడుకును అందరూ నిచ్చెన అని పిలిచేవారు. మీసం మొలవకముందే తండ్రిని మించిన పొడగరి. కంటబడిన ప్రతి వస్తువునూ విప్పి చూడనిదే, చూసి 'ఎందుకు' అని అడగనిదే వాడికి అన్నం సహించదు. వాడిని ఏ హైస్కూల్లో చేర్చాలన్నదే కొంతకాలంగా ఆ ఇంటి చర్చ.

"గుట్ట మీది బడే" అన్నాడు తండ్రి. ఆయన సొంత వ్యాన్‌లో సరుకులు చేరవేస్తాడు. "అక్కడ సరుకు దింపడానికి వెళ్తే కాపలావాడు నన్ను వెనక గేటుకు పొమ్మంటాడు. నా కొడుకు ముందు గేటులోంచి వెళ్లాలి."

"ఫీజో?"

"బండి అమ్మేస్తా. ఇంకొకడి బండి నడుపుతా. చేతులేం పడిపోయాయా?"

"చేతులకేం, బాగానే ఉన్నాయి. పడిపోయింది బుర్ర" అంది అత్తగారు, దారం పంటితో తెంపుతూ.

"గిడ్డంగి బడి కూడా చూడొచ్చు కదండీ" అంది ఇల్లాలు. పాత పత్తి గిడ్డంగిలో ఒక పెద్ద టీచరమ్మ నడిపే ప్రైవేటు బడి అది.

"గిడ్డంగికి నేను రోజూ పోతూనే ఉన్నాగా, వాడు కూడా ఎందుకు?" అని ఆయన ఆ మాట తుంచివేశాడు.

బడివారితో సీటు మాటలాడుకునే రోజున నిచ్చెన కొత్త తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పొడుగు చేతులు, మణికట్టు దగ్గర పొల్లు పోకుండా కుదిరిన పట్టీలు. గుట్ట మీది బడిలో ప్రిన్సిపాల్ గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆయన మార్కుల కాగితం తిరగేస్తూ ప్రసంగం ఆరంభించారు. నిచ్చెన ఏదో అడిగాడు, ఆయన ఏదో బదులిచ్చారు. అవేవీ తల్లి చెవిన పడలేదు. ఆమె కన్నులు కొడుకు చేతిమీద నిలిచిపోయినవి. చొక్కాచేయి మణికట్టును విడిచి మెల్లగా పైకి పోతూ ఉంది.

ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన చేతి చొక్కా, అందునా ఇంత పెద్దల ఎదుట! గుడ్డను తడిపి ఆరబెట్టకనే తొందరపడి కత్తిరించాననుకుంది. తప్పును కప్పిపుచ్చుకునే ఆరాటంలో ఆయన అన్నదానికల్లా తల ఊపింది. సీటు ఖాయమైపోయింది.

ఇంట్లో కొలిచి చూస్తే నాలుగు వేళ్ల మేర తగ్గింది.

"ఇన్నాళ్లకు నా మాట విన్నావన్నమాట" అంది అత్తగారు.

ఇల్లాలు నవ్వలేదు. వేరొక గుడ్డ తెచ్చి, మూడు నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరవేసి, మరల కత్తిరించి కుట్టింది. చిత్రమేమంటే, ఆ వారమంతా నిచ్చెన ఏ వస్తువునూ విప్పలేదు. గడియారం ఆగిపోయినా వాడు దానివంక చూడలేదు.

డబ్బు కట్టవలసిన నాడు బండికి వచ్చిన బయానా కవరుతో ముగ్గురూ మళ్లీ గుట్ట ఎక్కారు. ఈసారి ఆమె కొడుకు పక్కనే కూర్చుని చూస్తూనే ఉంది, వింటూనే ఉంది.

"వీడి మార్కులకు చివరి సెక్షనే వస్తుంది. ఆటలూ బొమ్మలూ ఉండవు. సాన పట్టేస్తాం" అన్నారు ప్రిన్సిపాల్.

ఈ చొక్కాచేయి కూడా పైకి కదిలింది.

"సార్, కింద ప్రయోగశాలకు తాళం వేసి ఉందేం?" అన్నాడు నిచ్చెన, గొంతు తగ్గించి.

"అది ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు తెరుస్తాం."

"మరి మాకు?"

"నువ్వు పరీక్ష రాసేది కాగితం మీద బాబూ, గాజుగొట్టాల్లో కాదు. ఇక్కడ ప్రశ్నలు మేమడుగుతాం. అది ముందు నేర్చుకో."

వాడు తల దించుకున్నాడు. పట్టీ మోచేతి దాకా పోయింది. మెడ దగ్గరి బొత్తం బిగుసుకుంది.

తల్లి లేచి నిలుచుంది. "ఏవండీ, బల్లమీద పెట్టిన కవరు వెనక్కి తీసుకోండి."

"ఏమయిందే?"

"మూడు నీళ్లు తాగిన గుడ్డ ఇది. తప్పు గుడ్డది కాదు, నా కత్తెరది కాదు."

"ఏమిటమ్మా మీరనేది?" అన్నారు ప్రిన్సిపాల్. "లేచి వెళ్తే సీటు పోతుంది. రేపు వచ్చి బతిమాలినా ఉండదు."

"ఉంచుకోండి సార్. మీ సీటు మావాడికి ఇరుకు."

తండ్రి క్షణకాలం బల్లమీది కవరును చూశాడు. పిదప కొడుకు మోచేతిని చూశాడు. కవరు తీసి జేబులో కుక్కుకుని, "పదరా. ముందు గేటులోంచే పోదాం" అన్నాడు. కాపలావాడు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి దారి ఇచ్చాడు.

"అమ్మా, ఇంటికెళ్లి చొక్కా మార్చుకుంటానే" అన్నాడు నిచ్చెన.

"అక్కర్లేదు. దీంతోనే గిడ్డంగి బడికి పోదాం. చూసేవాళ్లను చూడనీ."

గిడ్డంగి బడి పైకప్పు రేకులది. పెద్ద టీచరమ్మ బల్లపై గాజుగొట్టాలు తుడుస్తూ ఉంది. సగానికి సగం అంచులు విరిగినవే. మార్కుల కాగితం ఆమెకు అందకమునుపే నిచ్చెన ఒక గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి గుడ్లురిమాడు.

"ఇవన్నీ ఒకేచోట పగిలాయేం టీచర్?"

ఆమె కళ్లజోడు సవరించుకుంది. "ఏమో, నేనెప్పుడూ గమనించలేదు. నీకేమనిపిస్తోంది?"

వాడు చెప్పసాగాడు. చెబుతూ చెబుతూ దీపం వెలిగించమన్నాడు, నీళ్లు కావాలన్నాడు. అటు ఇద్దరూ గొట్టాన్ని కాచి చల్లార్చుతూ ఉండగా, చొక్కాచేయి మోచేతిని వీడి క్రిందికి జారసాగింది.

"ఫీజు మాట చెప్పండమ్మా" అన్నాడు తండ్రి, గొంతు సవరించుకుని. "బయానా తిరిగిచ్చేస్తాను. బండి నా దగ్గరే ఉంటే వాయిదాల్లో కడతాను."

"మూడు వాయిదాలు."

"ఆరు చెయ్యండి."

"నాలుగు. అంతకు మించితే మా టీచర్లకు జీతాలెక్కడివి?"

"సరే, నాలుగు. ఒక్కటి తప్పినా వాణ్ని కాదు, నన్ను నిలబెట్టి అడగండి."

ఆ బేరం తెగేసరికి పట్టీ మణికట్టును చేరింది. చేరి ఆగలేదు. అరచేతిని కప్పి, వేళ్ల కొసలపై వ్రేలాడింది. నిచ్చెన నవ్వుతూ దానిని పైకి మడవబోయాడు.

తల్లి వాడి చేయి పట్టుకుంది.

"మడవకు. అదేమో తొందరపడి ముందే పెరిగింది. నువ్వే అందుకో."