నడుముతో కొట్టిన బంతి

మార్కాపురం మిషను బాలికల పాఠశాలలో దయామణి డ్రిల్లు టీచరు. మిషను ఆసుపత్రి డాక్టరు ఫెయిర్లీ దొరసానికి గోల్ఫు ఆట ప్రాణం. ఊరి బయటి బీడులో ఆరు గుంటలు తవ్వించి, బంతి నున్నగా దొర్లడానికి ఒక్కొక్క గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిపించింది. ఆటకు జోడీ లేక దయామణికి కర్ర పట్టుకోవడం నేర్పింది. రెండేళ్లు గడిచాయి. పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చలికాలంలో దొనకొండ రైల్వే వాళ్లు జోడీల పందెం పెడితే, ఇద్దరి పేర్లూ రాసి పంపింది.

పందేనికి ఇంకా మూడు వారాలుంది. దయామణి బంతి మాత్రం నూరు గజాలు దాటేది కాదు. పోయినా కుడివైపుకు వంకర తిరిగి కంపచెట్లలో పడేది.

"తల వంచుకొని ఉండుము. మెల్లగా కొట్టుము," అనేది దొరసాని, తన మిషను తెలుగులో. దయామణి తల వంచేది, మెల్లగా కొట్టేది. బంతి కంపలోకే పోయేది.

ఆ వారంలోనే తండ్రి శాంతయ్య కూతుర్ని చూడటానికి బడికి వచ్చి, ఆమె బీడులో ఉందని తెలిసి అక్కడికే నడిచాడు. పలకల గనిలో ఇరవై ఆరేళ్లు సమ్మెట వేసిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటాడు. గట్టుమీద కూర్చొని పది దెబ్బలు చూశాడు. అప్పుడు లేచి వచ్చాడు.

"చేతుల్తో కొడతన్నావమ్మా," అన్నాడు.

"చేతుల్తో కాక దేంతో కొడతారు నాయనా?"

"నేను సమ్మెట చేతుల్తో లేపితే మధ్యాహ్నానికి భుజం పోతది. ఇన్నేళ్లు చేసేటోణ్నా?" కర్ర అడిగి తీసుకోలేదు. ఉత్త చేతులతోనే నిలబడి చూపించాడు. "ఎత్తేటప్పుడు బరువంతా కుడికాలి మీదికి రావాల. దించేటప్పుడు ముందు ఎడమ మడమ నేలకు దిగాల. దాని వెనక నడుము తిరగాల. చెయ్యి ఆఖర్న వస్తది. నువ్వు చెయ్యి ముందు పంపిస్తన్నావు. నడుము నిద్ర పోతాంది."

దొరసాని కళ్లజోడు సవరించుకుని ఆయన పాదాల వంకే చూసింది. "మరల చూపించుము శాంతయ్యా," అంది.

ఆయన మళ్లీ చూపించాడు. ఎడమ మడమ దిగింది, నడుము గిర్రున తిరిగింది, చేతులు వాటంతటవే వచ్చాయి. ఆగిపోయేసరికి కుడికాలి మునివేళ్లు మాత్రమే నేలకు ఆని ఉన్నాయి. బొడ్డు సూటిగా దూరాన గుంటలో గుర్తుగా పాతిన జెండా వైపు చూస్తోంది.

మర్నాటి నుంచి గనిలో పని దిగగానే శాంతయ్య బీడుకు వచ్చేవాడు. కూతురు చీర కాస్త ఎత్తి కట్టి, కొంగు నడుముకు బిగించి, డ్రిల్లు బూట్లతో నిలబడేది. మొదటి రెండు రోజులు బంతి ముట్టనివ్వలేదు. పాదాలు రెండూ దగ్గర పెట్టించి, కర్ర వెనక్కు పోతుండగానే ఎడమకాలు ముందుకు అడుగేయించి, ఆ అడుగు దిగాకే కొట్టమనేవాడు. సాయంత్రానికి రెండు వందల సార్లు. ఆమె తొడలు రాళ్లయ్యాయి. బడిలో కుంటుతూ మెట్లెక్కుతుంటే పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మూడోనాడు బంతి పెట్టారు. ఆమె నడుము విసిరింది. బంతి చాలా దూరం పోయింది గానీ, ఈసారి ఎడమ పక్క జిల్లేళ్లలో పడింది.

"దూరం వచ్చింది కదా," అంది దయామణి, ఊపిరి తీసుకుంటూ.

"దూరమొకటే వస్తే ఏం లాభం? మేకు మీద పడని సమ్మెట కాలి మీద పడతది. నువ్వు ఊగుతన్నావు. ఊగొద్దు, తిరుగు. కాలు దిగకముందే నడుము తిప్పితే గురి పోతది."

తన తువ్వాలు ఆమె నడుముకు చుట్టి, కొస పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె పక్కకు జరిగినప్పుడల్లా కొస లాగేవాడు. తిరిగినప్పుడు వదిలేవాడు. వారం తిరిగేసరికి తువ్వాలు లాగాల్సిన పని లేకపోయింది. బంతులు జెండా చుట్టుపక్కలే పడసాగాయి. దొరసాని అడుగులు లెక్కపెట్టి, నూట యాభై గజాలని చెప్పింది. దయామణికి ఆశ్చర్యం వేయలేదు. ఎడమ మడమ నేలకు దిగినప్పుడే బంతి ఎటు పోతుందో ఆమెకు తెలిసిపోతోంది.

పందెంనాడు ముగ్గురూ పొద్దున రైలెక్కి దొనకొండలో దిగారు. ఒక జోడీకి ఒకే బంతి, మార్చి మార్చి కొట్టాలి. ఆఖరి ఆట ఇంజనీరు కాల్డర్ దొర, ఆయన భార్యతో పడింది. ఎనిమిది గుంటలయ్యేసరికి ఇరువైపులా సమానం. ఆఖరిదైన తొమ్మిదో గుంటకు అడ్డంగా వాగు ఉంది. కాల్డర్ దొర బంతిని వాగుకు ఇవతలే జాగ్రత్తగా ఆపాడు.

"నీవును ఇవతలనే ఆపుము. నేను దాటించెదను," అంది దొరసాని.

దయామణి వాగును చూసింది. "నేనే దాటిస్తానమ్మగారూ," అంది.

దొరసాని ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తప్పుకుంది.

దయామణి తొందరపడలేదు. బరువు కుడికాలి మీదికి తీసుకుంది. మడమ దిగింది, నడుము తిరిగింది, కర్ర ఈల వేసింది. బంతి వాగు ఇసుక మీదుగా తిన్నగా పోయి అవతలి గట్టు దాటి పడింది. రైల్వే వాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. దొరసాని రెండో దెబ్బకు బంతిని గుంటకు రెండు బారల దూరంలోకి చేర్చింది. దయామణి దాన్ని లోపలికి నెట్టింది. అవతలి వాళ్లకు ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పట్టడంతో పందెం వీళ్లదయింది.

కాల్డర్ దొర చెయ్యి కలిపి, ఇంత ఒడుపు ఎవరు నేర్పారని ఇంగ్లీషులో అడిగాడు. దయామణి గట్టున నిలబడిన తండ్రిని చూపించింది. దొర ఆయన్ను ఎగాదిగా చూశాడు. నవ్వలేదు. తన చేతులు ఎప్పుడూ ముందు పోతాయని, తనకు కూడా నేర్పుతాడేమో అడగమన్నాడు.

దయామణి ఆ మాట తండ్రికి చెప్పింది.

శాంతయ్య దొర నిలబడిన తీరు చూశాడు, ఆయన మోకాళ్లు చూశాడు. "నేర్పుతా. రమ్మను," అన్నాడు. "మొదట రెండు రోజులు బంతి ఇయ్యనని ఇప్పుడే చెప్పు. తర్వాత అలిగితే బాగుండదు."