ఖాళీగా ఉండాల్సిన గొట్టం

నా నోరు మంచిది కాదని జర్మనీలో, లైప్‌జిగ్‌లోని మా ల్యాబ్ అంతటికీ తెలుసు. పంతొమ్మిదేళ్లుగా క్లీన్ రూమ్ నా చేతిలో ఉంది. వేల ఏళ్ల కిందటి ఎముకల్లోంచి డీఎన్ఏ తీసే గది అది. అక్కడ ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, రాతియుగపు మనిషి కాస్తా మన చుట్టమై కూర్చుంటాడు. అందుకే అరుస్తాను. మెత్తగా చెబితే ఎవరు విన్నారు గనక!

మరైకె శిక్షణకు వచ్చేనాటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిచేసింది. ఆయన ముసలివాడై క్లినిక్ మూసేస్తే మా దగ్గరికి వచ్చింది. మూడు నెలలు చూసి, పనికొస్తుందో లేదో నేను చెప్పాలి. నా మాటను బట్టి మా పెద్దాయన లిండ్నర్ గారు సంతకం పెడతారు. ఈ వయసులో ఇంకో చోట పని దొరకడం కష్టమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

రోజూ గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని.

"పొద్దున స్నానం చేశావా?"

"చేశానండి."

"తలకి?"

"తలకి కూడా."

"కాపీలు తీసే గదిలోకి గానీ తొంగిచూశావా?"

"ఆ మెట్ల వైపే వెళ్లలేదు, రోస్విత గారూ."

ఆ గదిలో డీఎన్ఏను కోట్ల కాపీలు తీస్తారు. అక్కడ అడుగుపెట్టినవాళ్ల బట్టల మీద కూడా అదే ఉంటుంది. అందుకని వాళ్లకు ఆ రోజంతా మా గదిలోకి ప్రవేశం లేదు. ఇవన్నీ అడిగాక ఒంటినిండా తొడుగు, రెండు జతల గ్లౌజులు, మాస్కు, దాని మీద ముఖానికి అద్దం. అప్పుడు లోపలికి.

ఉన్నమాట చెప్పాలి, ఆమె చెయ్యి మంచిది. కొత్తవాళ్లు డ్రిల్లును గిర్రున తిప్పి ఎముకను కాల్చేస్తారు. వేడి తగిలితే డీఎన్ఏ పోయినట్టే. మరైకె నిదానంగా తిప్పేది. "పన్నయినా ఇంతేనండి" అనేది. ఆ మెచ్చుకోలు నా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. అదీ నా రోగం.

మూడో నెలలో జాలె నది ఒడ్డున కంకర తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది. నాలుగు వేల ఏళ్ల నాటి ఆడమనిషి, ఆమె చేతుల్లో పసిబిడ్డ. తల్లీబిడ్డలా, కాదా? అందరికీ అదే ప్రశ్న. ఆడమనిషి డీఎన్ఏ బాగానే వచ్చింది. బిడ్డదే సమస్య. చెవి లోపలి ఎముక ఒక్కటే పనికొచ్చేలా ఉంది, అదీ చిక్కుడు గింజంత. దాన్ని మరైకెకు ఇచ్చాను. చిటికెడు పొడి వచ్చింది.

ఎముక పొడి వేసిన గొట్టం పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ గొట్టం పెడతాం. మందులన్నీ దాంట్లోనూ పోస్తాం, పొడి మాత్రం వెయ్యం. చివరిదాకా అది ఖాళీగానే ఉండాలి. దాంట్లో డీఎన్ఏ కనబడిందంటే అది పెట్టింది మనమే.

ఆ రోజు మరైకె సగం పొడి ఒక గొట్టంలో వేసింది. మిగతా సగం వేరే కొత్త గొట్టంలో వేసి మూత బిగించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫ్యాన్ల హోరులో నా మాట ఆమెకు వినబడలేదు. దగ్గరికి వెళ్లి, వినబడేలా చెప్పాను.

"చిటికెడు పొడిని రెండు చేస్తావా? పంటికి సిమెంటు పెడుతున్నాననుకున్నావా? మొత్తం ఒకదాంట్లో పొయ్యి!"

"సరేనండి" అంది. నేను బయటికి వచ్చేశాను.

తొమ్మిదో రోజున ఫలితాలు వచ్చాయి. ఖాళీ గొట్టం నిండా మనిషి డీఎన్ఏ! బిడ్డ గొట్టంలోనూ అదే. పాత డీఎన్ఏ అయితే కొసలు చివికిపోయి ఉంటాయి. ఇది నిన్నటిదంత తాజాగా ఉంది.

"నాలుగు వేల ఏళ్లు మట్టి దాచిపెట్టింది ఆ బిడ్డని. నువ్వు ఒక్క పూటలో నాశనం చేశావు కదే తల్లీ!" అని అందరి ముందూ అరిచాను.

మరైకె ముఖం పాలిపోయింది. "నేనేం చేశానో నాకే తెలియట్లేదండి."

"అదే అసలు తప్పు!"

మా గదికి ఒక ఆచారముంది, పెట్టింది నేనే. పని చెడగొట్టినవాళ్లు మర్నాడు అందరికీ కేకు తేవాలి. ఆ మర్నాడు శుక్రవారం, ఆమె మూడు నెలల గడువుకు ఆఖరి రోజు. పొద్దున్నే ట్రాములో ఒళ్లో పెట్టుకుని ఐయర్‌షెకె అనే గుడ్ల కేకు తెచ్చింది, ఇంట్లో తనే చేసిందట. ఇంకో చేతిలో ఖాళీ సంచి. ల్యాబ్ చెప్పులు, కప్పు సర్దుకుని వెళ్లడానికి.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా గదిలో పనిచేసే అందరి డీఎన్ఏ ముందే రాసి పెట్టుకుంటాం, ఇలాంటప్పుడు పోల్చడానికి. మరైకెతో పోల్చాను. కలవలేదు. ఒక్కొక్కరినే చూస్తూ పోయాను. కలిసింది. పేరు నాది.

మళ్లీ చూశాను. మళ్లీ నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ హోరులో వినబడాలని ముఖానికున్న అద్దం పైకెత్తి, మాస్కు కిందికి లాగి, మూత తీసి ఉన్న గొట్టాల మీదుగా అరిచాను. పంతొమ్మిదేళ్లుగా ఎవర్నీ చెయ్యనివ్వని పని.

ఇంకా ఎవరూ చూడలేదు. తెర ఆపేసి ఊరుకోవచ్చు. లిండ్నర్ గారు వచ్చి, "ఇవాళ కేకు మరైకెదా?" అన్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మరైకె మొదటి ముక్క కోసి నా ముందు పెట్టింది.

"మీకు అంచు ముక్క ఇష్టం కదా, రోస్విత గారూ."

సిగ్గుతో చచ్చిపోయాను. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని సామెత. ఆ అత్తను నేనే.

"ఈ కేకు నేను తేవాల్సింది" అన్నాను. "ఆ డీఎన్ఏ నాది. మాస్కు దించి ఈవిడ మీద అరిచాను." తెర వాళ్ల వైపు తిప్పాను.

లిండ్నర్ గారు వంగి తెర మీది పేరు చదివారు. "మరి బిడ్డ?"

"పోయింది. ఉన్న పొడంతా పోయించింది కూడా నేనే."

"పోలేదండి" అంది మరైకె మెల్లగా. "మీరు పొయ్యమన్నారు, సరేనన్నాను గానీ పొయ్యలేదు. మూత పెట్టిన సగం ఫ్రీజర్లో ఉంది. మా డాక్టరు అనేవాడు, మందంతా ఒకేసారి కలపకు, చెయ్యి జారితే నోరు తెరుచుకు కూర్చున్న మనిషికి ఏం చెప్తావు అని."

"నిన్ననే చెప్పొచ్చు కదా!"

"మాట వినలేదని అదొక తప్పవుతుందేమోనని... వెళ్లేముందు పెట్టె మీద చీటీ అంటిద్దామనుకున్నా."

లిండ్నర్ గారు నా వైపు చూశారు. "ఉంచండి ఈవిడని" అన్నాను. "నాకంటే ఈవిడకే గది అప్పగించొచ్చు."

తప్పు చేసినవాళ్లకు నెలరోజులు లోపలికి రాకూడదనే నియమం కూడా నాదే. గాజు కిటికీ ఇవతల నిలబడి, మరైకె ఆ సగం పొడితో పని చెయ్యడం చూశాను. ఈసారి బిడ్డ డీఎన్ఏ చివికిన కొసలతో వచ్చింది. ఆడపిల్ల. ఆ ఆడమనిషి కన్నకూతురే. ఖాళీ గొట్టంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి నేను ఏడ్చాను.

నెల గడిచాక గుమ్మం దగ్గరికి వెళ్లాను. మరైకె తొడుగు వేసుకుని అడ్డంగా నిలబడి ఉంది.

"పొద్దున స్నానం చేశారా?"

"చేశాను."

"తలకి?"

"తలకి కూడా."

నా మాస్కు తీగను ముక్కు మీద గట్టిగా నొక్కింది. తర్వాత ఒక పలక, పెన్ను నా చేతిలో పెట్టింది.

"లోపల నన్ను తిట్టాలనిపిస్తే దీని మీద రాసి చూపించండి, రోస్విత గారూ."

పలక మీద రాశాను: నీ చెయ్యి మంచిది. చదివి, పక్కకు తప్పుకుని, నన్ను లోపలికి రానిచ్చింది.