టాపు మీద జెండా

కొని ఆర్నెల్లయినా కాలేదు, కొమురెల్లి పికప్ బండి కేబిన్ కారడం మొదలుపెట్టింది. వానొస్తే చాలు, చుక్కలు సరిగ్గా పక్క సీటు మీదే పడేవి. ఉప్పల్ నుంచి నాచారం ఫ్యాక్టరీకి పనికి పోయే భార్య లక్ష్మీనర్సమ్మ కూర్చునే సీటది. ముందు అద్దం రబ్బరే పోయిందని తేల్చుకుని, బండి తయారుచేసిన వాళ్లను కొమురెల్లి నోటికొచ్చినట్టు తిట్టాడు.

నాచారంలో మెకానిక్ రంజిత్ టాపు మీద పైపుతో నీళ్లు కొట్టి, పైకెక్కి చూశాడు. మల్లన్న జెండా కర్ర బిగించిన బోల్టు సందులోంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయి.

"అన్నా, టాపుకు గీ తూటు ఎవరు కొట్టిన్రు?"

"నేనే. మొక్కుకొని జెండా కట్టిన."

"జెండా ఇప్పితే తూటు మూసేస్త."

"వచ్చే జాతర దాకా ఇప్పద్దు తమ్మీ."

రంజిత్ చప్పున కిందికి దిగి, టాపుకు దండం పెట్టి, పానాలు పనిముట్ల పెట్టెలో సర్దుకున్నాడు.

సాయంత్రం భార్యను ఎక్కించుకుని వస్తుంటే మళ్లీ వాన. కొమురెల్లి సంగతంతా చెప్పి, "జర ఓర్సుకో, జాతర ఎంతో దూరం లేదు" అన్నాడు. జాతరకు ఇంకా ఏడు నెలలుంది.

లక్ష్మీనర్సమ్మ ఖాళీ టిఫిన్ డబ్బా తీసి చుక్క కింద పట్టింది. "ఇంతకూ ఏమని మొక్కినవ్?"

"బండి ఒక్కరోజు గూడ ఖాళీగ ఉండద్దని."

ఆమె కాళ్ల కింద నిలిచిన నీళ్లను ఓసారి చూసింది. నిండిన డబ్బాను కిటికీలోంచి పారబోసి, మళ్లీ చుక్క కింద పట్టింది.

"మొక్కు ముట్టింది" అంది.